కోవిల్‌పట్టి బావులూ, కాలి రెక్కలూ

కోవిల్‌పట్టి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు కడలైమిట్టాయి జ్ఞాపకం వస్తుంది. తరువాత అగ్గిపెట్టెలు, ఆ తరువాత హాకీ ఆట. నీళ్ళు మాత్రం ఎవరికీ జ్ఞాపకం రావు. ఈశాన్యపు వానలు నాలుగు మంచివి పడితే ఏడాది కథ నడిచే నల్లరేగడి సీమ మాది. కరిసల్ అని తమిళపు పేరుతోనే మనవాళ్ళూ పిలుచుకుంటారు. అట్లాంటి చోట కూర్చొని, ఊపిరి బిగబట్టి నీటిలో మునిగేవారు కాళ్ళకు తొడుక్కొనే రెక్కలను గురించి వ్రాయబోతే చదువరులకు నవ్వు రావడం సహజమే. నవ్విన తరువాత ఒకసారి మా బావులకేసి తొంగిచూడమని మనవి.

మధుర నాయకుల కాలంలోనూ, దానికి ముందు వెనుకల్లోనూ మన పెద్దలు ఈ సీమకు దిగివచ్చారు. ఆ వలసల కథనే ఇక్కడికి దగ్గరలోని ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలగా వ్రాశారు. వచ్చినవాళ్ళకు ఏరు కనిపించలేదు. నేలను తవ్వారు. రేగడి దాటి, సున్నపు గరుసు దాటి, రాయి తగిలేదాకా తవ్వి, ఆ రాతినీ పగులగొట్టారు. బీటలోనుంచి నీరు చెమర్చినప్పుడు “ఊట తగిలింది” అని కొబ్బరికాయ కొట్టేవారట. కాబట్టి మా బావి అంటే నీళ్ళు నిలవజేసిన తొట్టి కాదు. నేల అడుగున ఉన్న ఊటకు మనిషి తెరిచిన ద్వారం.

మా పెదనాయన తోటలో బావి 30 అడుగుల చదరం, 60 అడుగుల లోతు. ఒక పక్క గోడలోనుంచి రాతిమెట్లు నాలుకల్లాగా పొడుచుకొని వస్తాయి. పైన రాతి దూలం మీద, ఎద్దులు కవలై తోలిన రోజుల్లో తాడు ఒరిసి పడిన గాడి ఇప్పటికీ వేలు పెడితే తెలుస్తుంది. కవలై పోయి ఆయిలు ఇంజను వచ్చింది; అది పోయి కరెంటు మోటారు వచ్చింది; చుట్టుపక్కల గొట్టపుబావులు వచ్చి మా ఊటలో సగం తాగేశాయి. అయినా మంచి వాన పడిన సంవత్సరం సంక్రాంతి నాటికి పాతిక అడుగుల నీళ్ళు నిలుస్తాయి. అప్పటికి మన్ను తేరుకొని నీళ్ళు పచ్చగా, తేటగా ఉంటాయి. పిల్లలకు సెలవులుండే మే నెలలో చూడబోతే అడుగున మోకాలిలోతు బురద. ఇక్కడ ఈత నేర్చుకోవలసిన కాలం జనవరి, ఫిబ్రవరి. బడి పంచాంగం వేరు, బావి పంచాంగం వేరు.

ఈత నేర్పే పద్ధతి మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. ఎండిన సొరకాయ బుర్రలు రెండు వీపుకు కట్టడం, లేకపోతే అరటిబోదె ఇవ్వడం, అదీ లేకపోతే నడుముకు మోకు కట్టి మెట్టుమీదనుంచి నీళ్ళలోకి నెట్టడం. నాలుగు రోజులకు బుర్ర ఒకటి, వారానికి రెండోది విప్పేవారు. తేలడం వచ్చిన పిల్లవాడికి తరువాతి పరీక్ష మునగడం. పెద్దలు తెల్లటి రాయినో చిల్లర డబ్బులనో విసిరితే అడుగునుంచి తెచ్చి ఇవ్వాలి. చేంతాడు తెగి బిందె మునిగితే, పాతాళగరిగెకు అందనప్పుడు, మునకగాడైన కుర్రవాణ్ణి పిలిచేవారు. ఇప్పుడు పట్నాలలో రుసుము చెల్లించి నేర్చుకొనే ‘ఫ్రీడైవింగు’ అనే విద్యకు మా ఊరి రూపం ఇదే. కాళ్ళకు రెక్కలు లేవు, అంతే తేడా. ఇంకొక సంగతి కూడ ఉంది. ప్రతి ఊళ్ళోనూ ఒక బావి పేరు ఎత్తగానే తల్లులు మాట మారుస్తారు. దాన్ని గురించి మేము ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఈ రెక్కల గొడవ మా ఇంట్లోకి మా మేనకోడలు తెచ్చింది. పిల్ల తూత్తుకుడిలోని మత్స్యకళాశాలలో చదువుతున్నది. 1977లో స్థాపించిన కళాశాల అది. ఒక్క ఊపిరితో మునిగి నీటి అడుగున చూడడం నేర్చుకోవాలని దాని కోరిక. “మామా, ముందు మన బావిలో నేర్చుకుంటాను. తరువాత సముద్రం. ఆ తరువాత ఊటగుండాలు” అన్నది. ఊటగుండాలంటే దాని మనస్సులో ఉన్నవి అమెరికాలో ఫ్లోరిడా ఊటలు, మెక్సికోలో యుకటాన్ సీమలోని సున్నపురాతి గుండాలు. అక్కడ నేల కూలి ఏర్పడిన గుంటలలోనుంచి నీళ్ళ కింద గుహలు సాగిపోతాయి. చేతిలోని సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నీలాకాశంలాంటి నీటిలో ఒక స్త్రీ గరుడపక్షిలాగా దిగుతున్నది. కాళ్ళకు గజం పొడుగు నల్లటి రెక్కలు. “ఇట్లాంటివి కొనిపెట్టు మామా” అని అడిగింది.

మా అమ్మ ఒప్పుకోలేదు. “పెళ్ళి కావలసిన పిల్ల. బావిలో దూకడమేమిటిరా?” అని రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు తానే నోరు విప్పి, తన ఎనిమిదో ఏట సొరకాయ బుర్రలు కట్టుకొని నేర్చుకున్నాననీ, పన్నెండో ఏడు వచ్చాక పెద్దవాళ్ళు మాన్పించారనీ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖం వేరుగా ఉంది. తరువాత అడ్డు చెప్పలేదు గాని, “తాడు లేకుండా దిగనివ్వను” అన్న షరతు పెట్టింది.

ఇక రెక్కలు కొనాలి. కోవిల్‌పట్టిలో ఆటసామాన్ల కొట్లకు లోటు లేదు. హాకీ కర్రలు కావాలంటే ఇరవై రకాలు చూపిస్తారు. ఈత రెక్కలని అడిగితే ఒకాయన పిల్లలు చెరువులో తేలే రబ్బరు బాతును తెచ్చి ఇచ్చాడు. ఆఫీసు పనిమీద విరుదునగర్ పోవలసి ఉంది కనుక అక్కడ చూద్దామనుకున్నాము. 50 కిలోమీటర్ల దారి. నడుమ సాత్తూరు, అక్కడ బస్సు ఆగితే దోసకాయలు, కారసేవు కొనకుండా ఎవరూ కదలరు, మేమూ కదలలేదు. వైప్పారు వంతెన దాటుతూ చూస్తే ఏట్లో ఇసుకే ఉంది.

విరుదునగర్ పాతపేరు విరుదుపట్టి. కామరాజ్ గారు పుట్టిన ఊరు. నూనె, మిరపకాయలు, పప్పులు, ఈ మూడింటి ధరలు ఆ బజారులో మాట్లాడుకుంటే దక్షిణదేశమంతా వింటుంది. ఊరి నడుమ తెప్పకుళం ఉంది. చుట్టూ అంగళ్ళు, మధ్య నీళ్ళు; చూడడానికే గాని ఈదడానికి కాదు. మేము బజారులో మూడు కొట్లు తిరిగినా రెక్కలు దొరకలేదు. కాని ఒక చెప్పుల కొట్టులో పెద్దమనిషి మా సంగతంతా విని నవ్వకుండా ఒక మంచి సలహా ఇచ్చాడు: “సారూ, నీళ్ళదైనా నేలదైనా చెప్పు చెప్పే. ముందు పిల్ల పాదం కొలత తీసుకొని రండి, సాయంకాలం పూట తీయండి.” పొద్దంతా తిరిగిన పాదం సాయంకాలానికి కాస్త ఉబ్బుతుంది గనుక అప్పటి కొలతే నమ్మదగినది. ఇంటికి వచ్చి పాత కాగితం మీద పాదం పెట్టించి పెన్సిలుతో గీశాము. మడమనుంచి బొటనవేలిదాకా 23 సెంటీమీటర్ల పైన కొంచెం. మన అంగళ్ళ లెక్కలో 4వ నంబరు. రెక్కలమీద వేసే ఐరోపా లెక్కలో 37. రెక్కలు చాలవరకు 36–37, 38–39 అని జంట నంబర్లుగా వస్తాయి, విడివిడిగా కాదు. అందుకే కాగితం మీది కొలత మరీ అవసరం.

ఈ రెక్కల పుట్టుక కూడ చిత్రమైనదే. అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడుగా ఉన్నప్పుడు చిత్రకారుల రంగుపలకల్లాంటి చెక్కలు చేతులకూ, చెప్పుల్లాంటివి కాళ్ళకూ తగిలించుకొని ఈది చూశాడు. చేతి చెక్కలతో వేగం వచ్చింది గాని మణికట్లు నొప్పిపుట్టాయి. కాలి చెక్కలు ఆయనకు తృప్తి కలిగించలేదు. రబ్బరు రెక్కలకు ఫ్రెంచి నౌకాదళపు అధికారి లూయీ ద కొర్ల్యూ 1933లో పేటెంటు పొందాడు. అమెరికాలో ఓవెన్ చర్చిల్ 1940 ప్రాంతంలో వాటిని తయారుచేసి అమ్మాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో నీటి అడుగున పనిచేసే సైనికులు తొడుక్కున్నవి అవే. మడమతో సహా పాదమంతా చెప్పులాగా దూరే రకం 1950ల తొలినాళ్ళలో ఇటలీలో వచ్చింది.

అయితే మా తూత్తుకుడి తీరం ఆ పేటెంట్ల కోసం కూర్చోలేదు. మేనకోడలిని చూడబోయినప్పుడు అక్కడి పాతకాలపువాళ్ళు చెప్పగా విన్నాము. మన్నారు సింధుశాఖలో శంఖులు ఏరే మునకగాళ్ళు అల్యూమినియం రేకును పాదంకన్న పెద్దదిగా కత్తిరించి కాళ్ళకు కట్టుకొని దిగేవారు. రేకు వంగదు, పిక్కను పీకుతుంది, అంచు కోస్తుంది. అయినా వాళ్ళ పొట్టపని దానితోనే నడిచింది. అంతకు ముందు ముత్యాల కాలంలో అదికూడ లేదు. తాడుకు కట్టిన రాతిమీద కాలు పెట్టి దిగేవారు, పైన పడవలో ఒకడు తాడు పట్టుకొని ఉండేవాడు. ఆ తాడు భార్య తోడబుట్టినవాడి చేతిలోనే పెట్టేవారని చెప్పుకుంటారు. బావ బతుకు కోరతాడని మనలోనూ సామెత ఉంది కదా. ఆ సముద్రంలో ముత్యపుచిప్పల వేట చివరిసారి జరిగింది 1961లో.

రేకులనుంచి మళ్ళీ మా కొనుగోలుకు వద్దాం. మేనకోడలికి కావలసినది బొమ్మలోని పొడుగు రెక్క. మేము నాలుగు వారాలు చదివి, తెలిసినవారిని అడిగి, చివరకు వద్దన్నాము. కారణం డబ్బు ఒకటే కాదు.

మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మాదిరి మనిషిని ఎత్తవు. సముద్రపు నీరు నూటికి రెండున్నర వంతు బరువెక్కువ. 50 కిలోల మనిషిని సముద్రం మా బావికన్న సుమారు కిలోంబావు ఎక్కువగా పైకి తోస్తుంది. కాబట్టి బావిలోనూ ఊటలోనూ దిగడం సులువు. దిగేకొద్దీ ఇంకొకటి జరుగుతుంది: నీటి బరువుకు ఊపిరితిత్తులలోని గాలి కుదించుకుపోతుంది. 25 అడుగుల లోతుకు పోయేసరికి ఆ గాలి పైన ఉన్న పరిమాణంలో అయిదింట మూడు వంతులకు కూడ తగ్గిపోతుంది. గాలి చిన్నదైతే శరీరం తేలే గుణం తగ్గుతుంది. తేలిక శరీరం కూడ అక్కడ రాయిలాగా తోచవచ్చు. అంటే పైకి రావడం కాళ్ళ పని. మిగిలిన ఊపిరి తక్కువ, చేయవలసిన పని ఎక్కువ. రెక్క విలువ తెలిసేది దిగేటప్పుడు కాదు, ఆ తిరుగు ప్రయాణంలో.

ఇప్పుడు గట్టి రెక్క సంగతి చూడండి. గట్టి రెక్క బలమైన కాలికి వేగమిస్తుంది. అలవాటులేని పిక్కకు తిమ్మిరి తెస్తుంది. నేలమీద నరం పట్టేస్తే కూర్చొని రుద్దుకుంటాము. బావి అడుగున పట్టేస్తే ఏమి చేస్తాము? కొత్తవాళ్ళకు మెత్తటి రెక్కే కొనాలని మేము పట్టుబట్టింది ఇందుకే. కొట్టులోనైతే చేతితో కొస పట్టుకొని వంచిచూడాలి. మూడు వేళ్ళతో తేలికగా వంగి, విడిచిపెడితే వెంటనే నిటారుగా రావాలి. వంగి అట్లాగే ఉండిపోయేది పనికిరాదు. రెక్కమీద మెత్తన, మధ్యమం, గట్టి అని తయారీదారులే వేస్తారు. ఒకరి మెత్తన ఇంకొకరి మధ్యమం కావచ్చు, చేతినే నమ్మాలి.

ఇక పొడుగు. ఊపిరిమునకకు ప్రత్యేకంగా చేసిన రెక్క పాదంతో కలిపి 90 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. ఒక్క తాపుకు చాలదూరం జారిపోతుంది. 20, 30 మీటర్ల లోతుకు పోయేవారికి అది వరమే. మా బావిలో 25 అడుగులకు మించి లోతే లేదు. 30 అడుగుల చదరంలో ఇద్దరు ఈదుతూ, నడుమ లారీట్యూబుకు కట్టిన తాడు ఒకటి ఉంటే, అంత పొడుగు రెక్క గోడ రాళ్ళకూ పక్కవాడి ముఖానికీ తగులుతుంది. మా పెదనాయనకు ఎనభై దాటాయి. ఈ ప్రాంతంలో యాభైమందికి ఈత నేర్పిన మనిషి. పొడుగు రెక్క బొమ్మను కళ్ళజోడు సర్దుకొని చాలసేపు చూసి ఒకటే అడిగారు: “ఇది కట్టుకొని మెట్టెట్లా ఎక్కుతావే తల్లీ?” మేనకోడలు జవాబు చెప్పలేదు. గోడలోనుంచి జానెడు వెడల్పున పొడుచుకొని వచ్చే నాచుపట్టిన మెట్టుమీద గజం రెక్కతో ఎవరూ నిలబడలేరు. పొట్టి రెక్కతోనూ నిలబడగూడదు. నీటి అంచు మెట్టుమీద కూర్చొని తొడుక్కోవాలి, కూర్చొనే విప్పాలి. రెక్కలతో నేలమీద నాలుగడుగులు వేయక తప్పకపోతే వెనక్కు నడవాలి.

60 సెంటీమీటర్ల లోపు పొట్టి రెక్క చాలని మేము తేల్చాము. మడమ తెరిచి పట్టీతో బిగించే రకం, మడమ మూసిన రకం అని రెండున్నాయి. పట్టీ రకానికి లోపల దళసరి జోడు కావాలి. రాళ్ళతీరంలో నడిచి పోయేవారికీ, గాలిసీసా మోసుకొని మునిగేవారికీ అది అనుకూలం. బావికి మూసిన రకమే మేలు. పాదం లోపల కదలకుండా ఉంటే కాలు వేసిన బలమంతా రెక్కకు పోతుంది. వేళ్ళు ముడుచుకోగూడదు, మడమ జారగూడదు. తొడుక్కొని కాలు గాలిలో విదిలిస్తే ఊడగూడదు. తడి పాదానికి ఇంకాస్త జారుతుంది గనుక కొలత రెండు నంబర్ల మధ్య పడితే చిన్నది నొప్పిపుట్టిస్తుందా అని చూసి, పుట్టిస్తే పెద్దది కొని లోపల పలుచని ఈతమేజోడు వేసుకోవడం మంచిది.

పదార్థం విషయం త్వరగా చెప్పి వదిలేస్తాము. రబ్బరు, ప్లాస్టిక్కు, గాజునార, కార్బన్‌నార. చివరి రెండూ తేలిక, చురుకు. మా బావి గోడలు కొండరాయి. ఒక్క దెబ్బకు అంచు చిట్లుతుంది. వాటి వెల గుమాస్తా జీతానికి మించినది. ప్లాస్టిక్కు రెక్క గోడకు తగిలితే గీత పడుతుంది, అంతే.

ఇక్కడే మాకు లెక్క తేలింది. ఒక కార్బన్ జత వెలకు మామూలు జతలు ఎన్నో వస్తాయి. నీటిలో మునిగే మనిషికి పైన చూసేవాడు ఒకడు ఉండాలి. వాడు మెట్టుమీద పత్రిక చదువుకుంటూ కూర్చుంటే లాభంలేదు. తానూ నీటిలో ఉండి, అవసరమైతే అడుగుకు పోయి మనిషిని తేగలవాడై ఉండాలి. అంటే వాడికీ రెక్కలు కావాలి. అందుచేత ఒక గొప్ప జత మాని రెండు సాదా జతలు తెప్పించాము: మేనకోడలికి ఒకటి, మా పెద్దబ్బాయికి ఒకటి. ఇద్దరివీ పసుపు రంగు. నల్ల రెక్క చూడడానికి ఠీవిగా ఉంటుంది గాని, పచ్చనీళ్ళలో పదిహేను అడుగుల కింద ఎక్కడున్నదో పైవాడికి కనిపించదు.

పిల్లలు అడిగే ఇంకొక ప్రశ్న ఊటగుండాల సంగతి. మహానంది కోనేరు చూసినవారికి తేటనీరంటే ఏమిటో చెప్పనక్కరలేదు. అడుగున పడిన పైసా కూడ కనిపిస్తుంది. అది దేవుడి నీరు, స్నానానికే. మధుర దగ్గర అళగర్‌కొండ నూపురగంగ కూడ అంతే. ఫ్లోరిడా ఊటలలో నీరు అంతే తేట, పైగా అడుగునుంచి పొంగుకొచ్చే ప్రవాహం ఉంటుంది. దానికి ఎదురీదాలంటే మా బావి రెక్కకన్న కొంచెం బలమైనది కావాలి. కాని అక్కడి అసలు భయం ప్రవాహం కాదు, ఒండ్రు. ఊటల అడుగున, గుహల నేలమీద, పిండిలాంటి మట్టి పేరుకొని ఉంటుంది. పొడుగు రెక్క ఒక్కసారి కిందికి కొడితే అది మేఘంలాగా లేచి నీరంతా పాలవుతుంది. పైన ఆకాశముంటే లేచి వస్తారు. పైన రాతికప్పు ఉంటే? దారి ఎటో తెలియదు, చేతిలో ఉన్నది ఒక్క ఊపిరి. అందుచేత గుహ నోటిదగ్గర ఎంత వెలుతురు కనిపించినా, ఊపిరిమునక నేర్చుకొనేవారు కప్పు కిందికి పోగూడదు. తలపైన నీరు, నీటిపైన ఆకాశం, నడుమ ఏదీ అడ్డముండగూడదు. దీనికి మంచి రెక్క, చెడ్డ రెక్క అనే భేదం లేదు.

బావిలోనూ చిన్న గుహలుంటాయి సుమండీ. రాతిపొర కింద నీరు కోసిన గూళ్ళు. చేపలు అందులోకి పోతాయి, పిల్లల తలలూ పోతాయి. మా పెదనాయన మొదటి రోజే మేనకోడలికి తాడు వెంబడి దిగి, తాడు వెంబడి ఎక్కడం తప్ప గోడవైపు పోగూడదని చెప్పారు. అడుగున మోటారు గొట్టం ఉంది. దిగేముందు మోటారుకు కరెంటు తీసి ఫ్యూజుకట్టలు మా అమ్మ కొంగులో ముడివేసింది. ఏళ్ళతరబడి వాడని బావులలో విషపు గాలి నిలవ ఉంటుంది. అట్లాంటివాటిలో రెక్కలతో గాని రెక్కలు లేక గాని దిగరాదు.

ఊపిరి గురించి కూడ ఒక మాట. మునిగేముందు వేగంగా పది ఇరవైసార్లు గాలి పీల్చి వదిలితే ఎక్కువసేపు ఉండగలమని కుర్రవాళ్ళు ఒకరికొకరు నేర్పుకుంటారు. అందువల్ల ఒంట్లో ప్రాణవాయువు పెరిగేది స్వల్పం. బొగ్గుపులుసు గాలి మాత్రం తగ్గిపోతుంది. ఊపిరి తీయాలన్న తహతహ పుట్టించేది అదే. హెచ్చరిక చెప్పేవాడు పోయాడు, గాదె మాత్రం అయిపోతున్నది. నీటిమట్టానికి చేరబోతూ నిశ్శబ్దంగా స్పృహ తప్పుతుంది. కేక ఉండదు, కొట్టుకోవడం ఉండదు. కొన్నిసార్లు పైకి వచ్చి ఒక ఊపిరి తీశాక కూడ తప్పుతుంది. అందుకే మా పెద్దబ్బాయి, అది తల బయట పెట్టిన తరువాత అర నిమిషం దాని ముఖంమీదనుంచి చూపు తిప్పగూడదని ఏర్పాటు. ఒకరు కింద ఉంటే ఒకరు పైన. ఇద్దరూ కలిసి మునగడం లేదు.

మొన్న జనవరిలో మొదలుపెట్టారు. మొదటి వారం రెక్కలు కట్టుకొని నీటిమీద బోర్లా ఈదడమే. మోకాలు మడిచి సైకిలు తొక్కినట్లు కొట్టడం మానడానికి అన్ని రోజులు పట్టింది. తాపు తొడనుంచి రావాలి, మోకాలు కొంచెమే వంగాలి, మడమ చాచి ఉండాలి. రెండో వారం తాడు వెంబడి 8 అడుగులు. చెవులు నొప్పి పుడితే ఆగి, ముక్కు మూసి మెల్లగా ఊది, తేలికైతేనే దిగడం. తేలిక కాకపోతే పైకి రావడం. దీనికి ముక్కును కూడ కప్పే ముసుగు కావాలి, కళ్ళకు మాత్రమే వేసుకొనే ఈతకళ్ళజోడు చాలదు. నాలుగో వారానికి అడుగు ముట్టింది. ముట్టిన గుర్తుగా ఏమి తెస్తుందో అని చూస్తే, తుప్పుపట్టిన కవలై ఇనుపకమ్మీ ముక్క ఒకటి తెచ్చింది. మా అమ్మ దాన్ని చూసి, అది తన మామగారి నాటిదని చెప్పి, కడిగి దూలంమీద పెట్టించింది. మూడో మెట్టుమీద మోకు పట్టుకొని కూర్చున్నది ఆవిడే. డెబ్బయి రెండేళ్ళ మనిషిని ఆ చోటినుంచి లేపడం ఎవరివల్లా కాలేదు.

రెక్కలు కొన్నవారికి, ఇంట్లో వాటిని ఉంచే పద్ధతి చెప్పి ముగిస్తాము. బావినుంచి వచ్చాక మంచినీళ్ళతో నాచు, మన్ను కడగాలి. సముద్రంనుంచి వస్తే తప్పకుండా కడగాలి. మా సీమ ఎండలో ఆరవేస్తే రబ్బరు ఒక్క వేసవిలో పగిలిపోతుంది, నీడలో ఆరాలి. గోడకు ఆనించి కొసమీద నిలబెడితే రెక్క వంగి అట్లాగే నిలిచిపోతుంది, పరచి ఉంచాలి. పాదం దూరేచోట పాత వార్తాపత్రికను ఉండగా చుట్టి పెడితే ఆకారం చెడదు. ఎలుకలకు ఆ రబ్బరు రుచి ఎట్లా తెలిసిందో గాని తెలిసింది. మేము రెండు జతలనూ బియ్యపుడబ్బా పక్కనున్న రేకుపెట్టెలో మూతవేసి ఉంచుతున్నాము.